తూనిక చెప్పిన పన్నెండు

రోజు 9

తూనిక చెప్పినవి: గట్టు తెగే అవకాశం నూటికి ఒకటి. కాలవలోకి ఉప్పునీరు వచ్చే అవకాశం నూటికి పది. ఆరో మంచం రోగి ఈ వారంలో చనిపోయే అవకాశం నూటికి పది.

జరిగినవి: గట్టు తెగలేదు. ఉప్పునీరు రాలేదు. ఆరో మంచం మనిషి గంజి తాగి, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టాడు.

ఈ పుస్తకం నా ఇష్టం కొద్దీ రాస్తున్నది కాదు. గట్టూరు కాలేజీలో ఎవరు ఏ చదువు చదివినా అవకాశాల లెక్కల క్లాసుకు వెళ్ళి తీరాలి. తూనిక యంత్రాన్ని కట్టిన తాతల కాలం నుంచీ అదే నియమం. నేను నర్సింగ్ శాఖ. నా పక్కన కూర్చునే ఏసుపాదం వ్యవసాయం. వెనక బెంచీలో మస్తాన్‌బీ పడవ ఇంజన్లు నేర్చుకుంటోంది. తాపీ పని వాళ్ళు, వంట శాఖ వాళ్ళు, చివరికి పాటల శాఖ వాళ్ళు కూడా ఆ గదిలోనే. ఏడాది పొడుగునా రోజూ తూనిక ఏం చెప్పిందో ఒకవైపు, ఏం జరిగిందో ఇంకోవైపు రాయాలి. కింద మనసుకు తోచింది రాసుకోవచ్చు.

"ఇంజెక్షన్ చెయ్యడానికి ఇదంతా ఎందుకండీ?" అని అనసూయ మేడాన్ని అడిగాను.

"ఎందుకో నేను చెప్తే నువ్వు నమ్మేస్తావు వీరవేణీ. నాకు నమ్మేవాళ్ళు అక్కర్లేదు. రాయి," అన్నారు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఏదో దాస్తున్నట్టు అనిపించింది.

రోజు 61

తూనిక: గట్టు ఒకటి. ఉప్పునీరు పది. పద్నాలుగో మంచం ఎర్నమ్మ పది.

జరిగినవి: గట్టు నిలిచింది. ఉప్పునీరు వచ్చింది. ఎర్నమ్మ పోయింది.

పొద్దున కట్టుగుడ్డలు ఉడకబెట్టి మేడ మీద ఆరేస్తున్నాను. కింద ఆరేస్తే చెమ్మకు ఆరవు. మేడ మీంచి చూస్తే గట్టు అవతల సముద్రం మా కింది అంతస్తు కిటికీలకంటే ఎత్తుగా కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి భయం వెయ్యదు. గట్టులో, కాలవల్లో, వార్డు మంచాల కింద తూనిక తీగలు ఉన్నాయి. అది అన్నీ వింటూ ఉంటుంది. పొద్దున్నే తూనిక గదిలో కాగితం మీద అంకెలు అచ్చవుతాయి. ఆ గది మనుషులు వాటిని కూడళ్ళలో నల్లబల్లల మీద సుద్దతో రాస్తారు. మేం చూసుకుని పనుల్లోకి పోతాం.

ఎర్నమ్మ వలలు అల్లే మనిషి. నిన్న సాయంత్రం నుంచి ఎగశ్వాస పట్టింది. ఆక్సిజన్ సిలిండర్ తెమ్మని వార్డు సిస్టర్‌ని అడిగాను.

"పదే కదమ్మా ఆవిడకి. పదిహేను దాటినోళ్ళకే సిలిండరు. రూలు," అంది సిస్టర్.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి పోయింది. పది అంకె పడినవాళ్ళలో నా చేతుల్లో పోయినవాళ్ళు ఈమెతో ముగ్గురు.

రోజు 88

పది అంకె ఉన్న నా రోగులు మొత్తం ఇరవై మంది అయ్యారు. ఇద్దరు పోవాలి. నలుగురు పోయారు. క్లాసులో లేచి నిలబడి ఆ మాటే అన్నాను. తూనిక అబద్ధం చెప్తోందని కూడా అన్నాను. గట్టూరులో ఎవరూ అనని మాట అది.

మేడం కోప్పడలేదు. తలొక చిన్న సంచీ ఇచ్చారు. అందులో పది చింతపిక్కలు. ఒకదానికి తోలు ఒలిచి తెల్లగా చేశారు. చూడకుండా ఒకటి తీసి, రంగు రాసుకుని, మళ్ళీ సంచీలో వెయ్యాలి. అలా ఇరవై సార్లు.

నాకు తెల్లది ఒక్కసారి వచ్చింది. ఏసుపాదానికి మూడు. మొత్తం నలభై మందిలో అయిదుగురికి నాలుగో అంతకంటే ఎక్కువో వచ్చాయి.

"ఈ సంచీల్లో మోసం ఏమన్నా ఉందా?" అని అడిగారు మేడం.

"లేదండీ."

"మరి ఆ అయిదుగురూ నీలాగే లేచి సంచీ అబద్ధం చెప్తోందని అరవొచ్చు కదా? నీ అనుమానం తప్పని నేననడం లేదు. ఇరవై మందితో అది తేలదు అంటున్నాను."

సిగ్గుతో కూర్చున్నాను. కానీ ఎర్నమ్మ చింతపిక్క కాదు.

రోజు 97

ఇవాళ రెండు సంగతులు. రెండూ నాకు నచ్చలేదు.

ఒకటి. నా పుస్తకం సరిపోదన్నారు కాబట్టి ముందు బ్యాచీల వాళ్ళ పుస్తకాలు చూద్దామని కాలేజీ బీరువా తెరిపించాను. ఖాళీ. మూడేళ్ళుగా ఏడాది చివర తూనిక గది వాళ్ళు వచ్చి మొత్తం పట్టుకుపోతున్నారట. అంతకు ముందు ఎవరి పుస్తకం వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళట. ఎందుకని అడిగితే, "భద్రం చెయ్యడానికంట," అన్నాడు అటెండరు.

రెండు. ఆస్పత్రికి తిరిగి వెళ్తుంటే తూనిక గది మెట్ల మీద అనసూయ మేడం కనిపించారు. ఆ గది అధికారి భాస్కరం గారితో చాలా దగ్గరగా నిలబడి మాట్లాడుతున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ ఆగిపోయారు.

పిక్కల ఆట మా నోరు మూయించడానికేనా? ఇక ఈ పుస్తకం ఆవిడకు చూపించేటప్పుడు ఈ పేజీ మడిచి ఇవ్వాలి.

రోజు 104

ఏసుపాదాన్ని కాలవ లాకుల దగ్గర పట్టుకున్నాను. నారుమడికి నీళ్ళు పెట్టే ముందు చుక్క నాలిక మీద వేసుకుని చూస్తున్నాడు. ఉప్పు ఉందా లేదా అని వాళ్ళు రోజూ చూసే పద్ధతి అదే.

"నీ పుస్తకం ఒకసారి ఇస్తావా?"

"ఎందుకు? నా రాత నాకే అర్థమవదు," అని నవ్వాడు. సంగతి చెప్పాక నవ్వలేదు. గట్టు మీద కూర్చుని ఇద్దరం లెక్కపెట్టాం. ఉప్పునీటి అవకాశం పది అని బల్ల మీద రాసిన రోజులు ముప్ఫై నాలుగు. ఉప్పునీరు వచ్చిన రోజులు ఏడు.

"ఇదేటి వేణీ, నేను నా మడికే ఏదో దిష్టి తగిలిందనుకుంటన్నాను," అన్నాడు.

మస్తాన్‌బీ దగ్గరికి వెళ్ళాం. రేవులో ఇంజను విప్పుకుని కూర్చుంది. చేతులకు గ్రీజు ఉందని పుస్తకం మమ్మల్నే తెరుచుకోమంది. సుడిగాలి తగిలే అవకాశం పది అన్నప్పుడు తను వెళ్ళిన ప్రయాణాలు యాభై రెండు. సుడిగాలి తగిలినవి పన్నెండు.

"పడవ నడిపే మా సరంగు నా అడుగు మంచిది కాదన్నాడు. నిజమే కామోసనుకుని రెండ్రోజులు ఏడ్చాను," అంది.

మూడూ కలిపితే నూటారు సార్లు. పదో పదకొండో జరగాలి. ఇరవైమూడు జరిగాయి.

ముగ్గురికీ ఒకే అనుమానం వచ్చింది. ముగ్గురం ఎవరి శాఖలో వాళ్ళం, ఎవరి దురదృష్టం అది అనుకుని ఊరుకున్నాం.

రోజు 112

మేడాన్ని అడగకుండానే క్లాసులో అందరిచేతా పిక్కలు తీయించాం. ఒక్కొక్కరు నూటారు సార్లు. రెండు రోజులు పట్టింది. నలభై మందిలో అందరికంటే ఎక్కువ తెల్లపిక్కలు వచ్చింది వంట శాఖ కుర్రాడికి. పద్దెనిమిది. ఇరవైమూడు దరిదాపుల్లోకి కూడా ఎవరూ రాలేదు.

మేడం కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉన్నారు. మమ్మల్ని ఆపలేదు. శభాష్ అనీ అనలేదు.

సరిగ్గా అప్పుడే భాస్కరం గారు క్లాసులోకి వచ్చారు. తెల్ల చొక్కా, మెల్లని మాట. అందరినీ కూర్చోమన్నారు.

"పిల్లలూ, మీ మీద బరువు ఎక్కువైందని పెద్దల సంఘం గమనించింది. పాట పాడే అమ్మాయికి అవకాశాల లెక్కతో ఏం పని? గోడ కట్టేవాడికి ఎందుకు? వచ్చే ఏడాది నుంచి ఈ క్లాసు లెక్కల శాఖ వాళ్ళకు మాత్రమే ఉంటుంది. మిగతావాళ్ళు తమ పని బాగా నేర్చుకుంటే చాలు. ఈ పుస్తకాలు కూడా ఈ నెలాఖరుకే ఇచ్చెయ్యండి."

వెనక బెంచీల్లో కొందరు చప్పట్లు కొట్టారు. పరీక్ష బాధ వదిలిందన్న సంతోషం వాళ్ళది. నేను నా పుస్తకం చీరకొంగు కింద పెట్టుకున్నాను.

నెలాఖరుకే ఎందుకు? ఏడాది చివరిదాకా ఎందుకు ఆగలేరు? మేం కలిపి లెక్కపెడుతున్నామని ఆయనకు ఎవరు చెప్పారు?

రోజు 118

మేడం ఇంటికి ముగ్గురం వెళ్ళాం. తలుపు తెరవగానే అడిగేశాను.

"మీరే చెప్పారా భాస్కరం గారికి?"

"లోపలికి రండి," అన్నారు. మంచినీళ్ళ వంతులో తనకు వచ్చిన చెంబెడు నీళ్ళు మా ముగ్గురికీ పోశారు. మేం ముట్టుకోలేదు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మూడేళ్ళ కిందటి వంతెన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు తూనిక గది అధికారిని నేను. గట్టు తెగే అవకాశం ముప్ఫై అని వచ్చింది. పదిహేను దాటితే గంట కొట్టాలి, ఊరు దిబ్బ మీదికి వెళ్ళాలి. గంట కొట్టించాను. ఎంతో చెప్పలేదు, ఎంత వ్యవధి ఉందో చెప్పలేదు. ఊరు ఊరంతా ఒక్కసారే తాళ్ళ వంతెన మీదికి ఎక్కింది. తోపులాటలో కింద పడి నలభై ఒక్కరు పోయారు. గట్టు తెగలేదు. భాస్కరం అప్పుడు నా కింద చేసేవాడు. వాళ్ళ పాప ఆ నలభై ఒక్కరిలో ఉంది."

చెంబు పక్కన పెట్టి మళ్ళీ చెప్పారు.

"ఈ ఒక్క వర్షాకాలం బల్లల మీద అంకెలు సగం చేసి రాద్దాం, జనం కుదుటపడేదాకా అన్నాడు. నేను సంతకం పెట్టాను. వర్షాకాలం అయిపోయింది. సగం చెయ్యడం ఆగలేదు. పోట్లాడాను. ఉద్యోగం వదిలి ఈ క్లాసుకు వచ్చాను. నోరు విప్పనని అప్పుడు నాచేత ప్రమాణం చేయించారు. మీచేత రాయించనని ప్రమాణం చెయ్యలేదు. నెలనెలా వెళ్ళి మానెయ్యమని అతన్ని బతిమాలుతూనే ఉన్నాను. నువ్వు మెట్ల మీద చూసింది అదే. మీ లెక్క సంగతి నేను చెప్పలేదు."

"మరి ముందు బ్యాచీలు?" అంది మస్తాన్‌బీ.

"ఎవరి పుస్తకం వాళ్ళు చూసుకున్నారు. పక్కవాడి పుస్తకం అడిగింది మీరే."

"పది అన్నారని ఎర్నమ్మకు సిలిండరు ఇవ్వలేదు మేడం. ఆవిడది ఇరవై. ఆవిడకు రావాల్సిన సిలిండరు గోడకు ఆనించి ఉంది," అన్నాను.

అనసూయ మేడం తల వంచుకున్నారు. ఆవిడ నమ్మదగిన మనిషో కాదో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. చెప్పిందాన్ని మాత్రం మా ఇరవైమూడు బలపరుస్తోంది.

రోజు 121

తూనిక: గట్టు పన్నెండు.

గట్టుకు అంత పెద్ద అంకె బల్ల మీద ఎప్పుడూ చూడలేదు. అమావాస్య పోటు సాయంత్రం నాలుగింటికి. పన్నెండు పదిహేను లోపే కాబట్టి గంట కొట్టలేదు. జనం బల్ల చూసి, పెదవి విరిచి, పనులకు పోతున్నారు. అంకెలు సగం చేస్తున్నారని తెలిసిన మేం నలుగురం మాత్రం పనులకు పోలేదు.

ఎనిమిదింటికల్లా తూనిక గదికి వెళ్ళాం.

"ఇవాళ్టి కాగితం చూపించు భాస్కరం. ఇరవైనాలుగు కదూ?" అన్నారు మేడం.

ఆయన కాదనలేదు. తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"చూపిస్తాను. చూసి ఏం చేస్తారు? ఇరవైనాలుగు అంటే ఈ ఊళ్ళో ఎంతమందికి అర్థమవుతుంది? గట్టు తెగిపోయిందనే అనుకుంటారు. మళ్ళీ పరుగెడతారు. వంతెన కింద నుంచి మా పాపను ఈ చేతులతో తీసుకొచ్చుకున్నానమ్మా. ఇంకొకరిని అలా తీసుకురానివ్వను."

ఆయన గొంతులో అబద్ధం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. తలుపు మూసేశారు.

ఆస్పత్రి గేటు బల్ల నేను, లాకుల దగ్గరిది ఏసుపాదం, రేవులోది మస్తాన్‌బీ తీసుకున్నాం. ఉన్నది తుడిచి, నూటారు సార్లు, ఇరవైమూడు, పిక్కల లెక్క, అన్నీ రాశాం. కింద ఇలా రాశాం: "బల్ల మీద అంకెలు సగం చేసి రాస్తున్నారు. ఇవాళ గట్టు తెగే అవకాశం పన్నెండు కాదు, దాదాపు నాలుగులో ఒకటి. అంటే నాలుగింట మూడు వంతులు ఏమీ జరగదు. అయినా దిబ్బకు వెళ్దాం. పోటుకు ఏడు గంటల వ్యవధి ఉంది. వీధి తర్వాత వీధి. పరుగెత్తొద్దు."

మొదట నా బల్ల ముందు ఆగింది మంత్రసాని సూరమ్మ. యాభై దాటిన మనిషి. పైనుంచి కిందిదాకా చదివింది.

"ఈ నూటారూ మీకు నచ్చినవి ఏరుకుని రాశారా, అన్నీ రాశారా?" అంది.

కొడుతుందేమో అనుకున్న నాకు ఆ ప్రశ్న వినగానే ప్రాణం లేచొచ్చింది.

"పది అన్న ప్రతిదీ రాశాం పెద్దమ్మా. ఒక్కటీ వదల్లేదు. ఇదిగో పుస్తకం."

గేటు అరుగు మీద కూర్చుని వేలు పెట్టి లెక్కపెట్టింది. చుట్టూ జనం చేరారు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళి తను చదువుకునే రోజుల్లో రాసిన పుస్తకం తెచ్చింది. పురుగు కొట్టి ఉంది. పది అన్నవి అరవై మూడు కాన్పులు. కష్టమైనవి ఏడు.

"నా రోజుల్లో పదంటే పదేనర్రా," అని గట్టిగా అంది.

ఆస్పత్రి వంటమనిషి ఒకడు ఇంట్లో వెతికి తనది తెచ్చాడు. ఒక తాపీమేస్త్రీ తెచ్చాడు. అరిచినవాళ్ళూ ఉన్నారు. నా చేతిలో సుద్ద లాక్కుని నేలకు కొట్టినవాడూ ఉన్నాడు. కానీ ఆ బల్ల ముందు నిలబడినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ క్లాసులో చింతపిక్కలు తీసినవాళ్ళే. నాలుగులో ఒకటి అంటే తెగిపోయినట్టు కాదనీ, తెగనట్టూ కాదనీ ఒకరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. వాళ్ళకే తెలుసు.

పదకొండింటికి మొదటి వీధి కదిలింది. పాటల శాఖ అమ్మాయి వంతెన మొదట్లో రాయి ఎక్కి నిలబడి, గొంతెత్తి ఒక్కో వీధి పేరూ పిలిచింది. పిలిచిన వీధే కదిలింది. ఒక్కరు కూడా పరుగెత్తలేదు. తాపీ పని వాళ్ళు మేం దిబ్బకు రామని చెప్పి, మట్టి బస్తాలు మోసుకుంటూ గట్టు మీదికి వెళ్ళారు.

నేను వార్డులోకి వెళ్ళాను. ఇరవైరెండు మంచాలు.

రోజు 122

గట్టు తెగలేదు.

నిన్న మధ్యాహ్నం వంతెన దాటాక, దిబ్బ మెట్ల దగ్గర, తొమ్మిదో మంచం పల్లయ్య బాబాయి పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. స్ట్రెచర్ ముందు వైపు పట్టుకున్నది నేను. వెళ్ళాల్సిన దారిలో ముప్పావు వంతు దాటేశాం.

మిగతా ఇరవై ఒక్కరూ బాగానే ఉన్నారు. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. వార్డులో నీళ్ళు చేరలేదు. ఆయన మంచం మీద దుప్పటి పొడిగా ఉంది.

ఇంతకంటే రాయలేను.

రోజు 126

ఊరి సభ. కాలేజీ మైదానంలో. మమ్మల్ని ముగ్గురినీ, మేడాన్నీ ముందు కూర్చోబెట్టారు. నాలుగు రోజులుగా నన్ను చూస్తే జనం రెండు రకాలుగా చూస్తున్నారు. కొందరు తల ఊపుతున్నారు. కొందరు పిల్లల్ని పక్కకు లాక్కుంటున్నారు.

భాస్కరం గారు లేచారు. "గట్టు నిలిచింది. పన్నెండు అన్నాం. నిలిచింది. ఈ పిల్లలు ఊరిని ఖాళీ చేయించారు. ఒక ప్రాణం పోయింది. ఆ ప్రాణానికి జవాబు ఎవరిది?"

ఏసుపాదం లేచి, "నాలుగులో ఒకటన్నాం కదండీ. మూడు పాళ్ళు తెగదని మేవే రాశాం కదా," అన్నాడు. ఎవరో, "పోయినోడికి చెప్పు ఆ లెక్క," అని అరిచారు. వాడు కూర్చున్నాడు.

అప్పుడు ఒకామె జనంలోంచి ముందుకు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. అరిచేతులు సున్నంతో పగిలి ఉన్నాయి. పల్లయ్య బాబాయి కూతురు లోవకుమారి. తాపీ పని. ఆ రోజు గట్టు మీద బస్తాలు వేసిన వాళ్ళలో ఆమె ఉంది. తండ్రి పోయిన సంగతి పోటు దిగాక తెలిసింది.

నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మా నాన్నని ఎత్తేటప్పుడు ఎంతనుకున్నావు?"

"దారిలో పోయే అవకాశం ఇరవైలో ఒకటి అనుకున్నానక్కా. నేను మోసిన రోగుల లెక్కను బట్టి."

"ఉంచేత్తేనో?"

"గట్టు తెగితే ఆ వార్డులో ఎవరూ మిగలరు. నాలుగులో ఒకటి."

"ఇదంతా నీ బుర్రలోనే అనుకున్నావా, ఆయనకి చెప్పావా?"

మొదటిసారి నా మాట ఎవరికీ వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాను.

"చెప్పాను. మంచం పక్కన కూర్చుని రెండు అంకెలూ చెప్పాను. వద్దంటే మీతో పాటు నేనూ ఇక్కడే ఉంటానన్నాను. ఆయన దగ్గి, నవ్వి, 'ఇరవైలో ఒకటేనా పిల్లా? నలభై ఏళ్ళు ఏటకెళ్ళాను, సముద్రం నాకెప్పుడూ ఇంత మంచి బేరం ఇవ్వలేదు. లేపండెహె,' అన్నారు."

లోవకుమారి మొహం ఒక్కసారిగా కుదించుకుపోయింది. అది తండ్రి మాటేనని ఆమెకు తెలిసిపోయింది. తర్వాత నా వైపు కాదు, భాస్కరం గారి వైపు తిరిగింది.

"మీ పాప పోయిన సంగతి ఊరందరికీ తెలుసు బాబూ. మా నాన్నా పోయాడు. ఆయనకి లెక్క చెప్పి అడిగారు. వత్తానన్నాడు, వచ్చాడు. మూడేళ్ళ నుంచి మీరు మమ్మల్ని ఒక్కసారన్నా అడిగారా?"

భాస్కరం గారు కూర్చున్నారు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. మేడం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.

తర్వాత ఓటుకు చేతులెత్తారు. అచ్చయిన కాగితాన్నే రోజూ కూడళ్ళలో అంటించాలి. పదిహేను దాటితే గంటతో పాటు అంకె కూడా చెప్పాలి. క్లాసు అన్ని శాఖలకూ ఉండాలి. చేతులు లెక్కపెట్టింది మంత్రసాని సూరమ్మ. రెండుసార్లు లెక్కపెట్టింది. సరేనన్నవి మూడు వందల పన్నెండు, వద్దన్నవి నూట తొంభై. ఆ నూట తొంభై మందిలో మా అమ్మ కూడా ఉంది. ఇంటికి వచ్చాక, "నాకు సగం అంకెలే హాయిగా ఉండేవే," అంది.

రోజు 133

తూనిక: గట్టు నాలుగు. కాగితమే అంటించారు. సుద్ద లేదు.

మధ్యాహ్నం లోవకుమారి వార్డుకు వచ్చింది. తండ్రి చొక్కా, చుట్టల డబ్బా, దువ్వెన నా దగ్గరే ఉన్నాయి. ఇచ్చాను. ఒక్కొక్కటి చూసి సంచీలో పెట్టుకుంది.

"నాకు నీ మీద కోపం తగ్గలేదు," అంది.

"తగ్గించుకోమని నేను అడగనక్కా."

"ఆరోజు గట్టు నేనేసిన బస్తాల వల్ల ఆగిందో, ఊరికే ఆగిందో నాకు తెలీదు. నీకూ తెలీదు. బస్తాలెయ్యకుండా నేనెల్లి ఆయన పక్కనుంటే..." అని ఆగిపోయింది.

లేచి గుమ్మం దాకా వెళ్ళింది. గేటు దగ్గర అంటించిన కాగితం అక్కడి నుంచి కనిపిస్తుంది.

"నాలుగంటందా అది?"

"నాలుగు. ఇప్పుడు సగం చెయ్యడం లేదు. అచ్చయిందే."

"మడుసులు సగం చెయ్యకపోతే మాత్రం, దానికన్నీ తెలుత్తాయని ఎవురు చెప్పారు నీకు?" అంది. "ఉత్తరం మలుపులో మూడ్రోజుల్నించి చెమ్మ ఊరతంది. ఏలు పెడితే దిగిపోతంది. అక్కడ దాని తీగ తెగిపోయి ఏడాదయ్యింది. మా మేస్త్రీకి తెలుసు. ఎవురూ రాయలేదంతే."

నా చేతిలో కట్టుగుడ్డల బుట్ట ఉంది. పక్కన పెట్టేశాను. "ఎంత మేర?"

"నే చెప్తే నమ్మేత్తావా?" అంది లోవకుమారి, సంచీ భుజాన వేసుకుంటూ. "పద. నువ్వే ఏలు పెట్టి చూద్దువుగాని."

ఇద్దరం గట్టు వైపు నడిచాం.